తిరుపతిలో మనము ఆగని తిరుపతి

తిరుపతికి పోని తెలుగుగృహము అరుదు. బిడ్డకు పుట్టువెండ్రుకలు తీయించుటకు, క్రొత్తదంపతులచే కల్యాణోత్సవము చేయించుటకు, జబ్బు నయమైనయెడల నిలువుదోపిడి యిచ్చెదమని మ్రొక్కిన మ్రొక్కు తీర్చుటకు, ఏదో యొక నెపమున ప్రతి యింటివారును ఆ కొండ నెక్కియే యుందురు. అట్టి సోదరీమణులను “తిరుపతి చూచితిరా?” అని యడిగినచో “ఎన్నిమాఱులో!” అందురు. “తిరుపతిలో ఏమేమి చూచితిరి?” అని మరల నడిగినచో కొండమీది గుడిని, గంటలకొలది నిలిచిన వరుసలను, లడ్డూప్రసాదమును వర్ణింతురు. కొండక్రింద ఒక ఊరున్నదనియు, ఆ యూరికి వీధులును, ఆ వీధులకు కథలును కలవనియు తలచువారు తక్కువ. రైలు దిగుట, బస్సెక్కుట, కొండ చేరుట, మరల బస్సు దిగి రైలెక్కుట, ఇదియే మన తిరుపతియాత్ర. 2023వ సంవత్సరమున శ్రీనివాససేతువను పొడుగువంతెన పూర్తియైన పిమ్మట మోటారులలో వచ్చువారికి ఆ కొంచెపు దర్శనమును లేకపోయినది. వారు ఊరిమీదుగా పోవుదురే కాని ఊరిలోనికి రారు.

ఈ నెల మేము వ్రాయదలచినది ఆ యూరినిగూర్చియే. పాత తిరుపతి యనగా రైల్వేస్టేషనునకును గోవిందరాజస్వామి కోవెలకును చుట్టుపట్ల నున్న వీధులు. అన్నియు నడచి చూచినను ఒక పూటకంటె ఎక్కువ పట్టదు. మా కాపురము పాకాల దాపున. మా యింటివారు బడిపంతులు గనుక సెలవుదినములలో తప్ప కదలుటకు వీలుపడదు. మొన్నటి సెలవులలో, కొండకు పోవు తలంపు పెట్టుకొనక, కేవలము ఊరు చూచుటకే పిల్లలను వెంటబెట్టుకొని తెల్లవాఱుజామున రైలెక్కితిమి. పులిహోర పొట్లములు, మంచినీళ్ళ సీసాలు, పెద్దమ్మాయి చేతిలో నొక నోటుపుస్తకము, ఇంతియే మా సరంజామా.

మేమెక్కిన రైలుదారికే నొక చరిత్ర కలదు. దక్షిణదేశమున ప్రయాణికుల రైలు మొట్టమొదట 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన మదరాసులోని రాయపురమునుండి వాలాజారోడ్డు వఱకు నడచినది. పిమ్మట మదరాసు రైల్వేకంపెనీవారు వాయవ్యదిశగా రేణిగుంట, కడప, గుంతకల్లుల మీదుగా దారి వేసికొనిపోయి 1871లో రాయచూరువద్ద బొంబాయినుండి వచ్చు దారితో కలిపిరి. ఆ దారి తిరుపతికి పదికిలోమీటర్ల దూరమున నున్న రేణిగుంటను తాకినదే కాని తిరుపతిలోనికి రాలేదు. మఱి యిరువదేండ్లకు, 1891లో, సౌత్ ఇండియన్ రైల్వేవారు కాట్పాడినుండి చిత్తూరు, పాకాల, తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరు వఱకు వేసిన దారి తిరుపతి నడిబొడ్డునకు వచ్చినది. మఱుసటియేట పాకాలనుండి ధర్మవరమునకు వేఱొక దారి సాగినది.

ఈ రెండు కంపెనీల పట్టాలకు పొత్తు కుదరదు. మదరాసు కంపెనీవారి పట్టాల నడుమ ఎడము అయిదడుగుల ఆఱంగుళములు. రెండవవారిది ఒక్క మీటరు మాత్రమే. ఒకరి బండి మఱియొకరి పట్టాలమీద నడవదు. కావున కడపవైపునుండి గాని మదరాసునుండి గాని పెద్దబండిలో వచ్చిన యాత్రికులు రేణిగుంటలో మూటముల్లెలతో దిగి, చిన్నబండిలోనికి మాఱవలసియుండెను. చంకలో బిడ్డ, నెత్తిన మూట, చేతిలో చెంబు, వెనుక ముసలి అత్తగారు, ముందు కూత వేయుచున్న బండి! ఈ చిత్రమును మనలో పెద్దవయసువారు కొందఱు తమ యవ్వలనోట వినియేయుందురు. ఇప్పు డా చిన్నపట్టాలు పోయి అంతటను పెద్దవే వచ్చినవి. రేణిగుంటలో బండి మాఱుట యను మాటయే మా పిల్లలకు కథవలె వినబడినది.

1891వ సంవత్సరమున స్త్రీలకు సంబంధించిన వేఱొక విశేషము కలదు. అంతకుముందటి యేడు చేయబడిన రైల్వేచట్టములోని 64వ సెక్షను, 1891 జనవరి 1వ తేదీ మొదలుకొని ప్రయాణికులను గొనిపోవు ప్రతి బండిలోను మిక్కిలి తక్కువ తరగతి పెట్టెలలో ఒక గదియైనను స్త్రీలకే ప్రత్యేకింపవలెనని విధించెను. బండి యేబదిమైళ్ళకు మించి పోవునదైనచో అట్టి గదికి మఱుగుదొడ్డియు నుండవలెనని చెప్పెను. తిరుపతికి రైలు వచ్చినదియు, రైలులో మనకొక గది వచ్చినదియు ఒక్క యేటనే! ఎద్దుబండి కట్టింపగల మగదిక్కు లేక ఇంటిలోనే యుండిపోయిన వితంతువునకు, అత్తవారు పంపనొల్లని కోడలికి, పొరుగు అమ్మలక్కలతో కలిసి టిక్కెట్టు కొనుక్కొని పోవు మార్గ మేర్పడుట చిన్నవిషయము కాదు. 1989వ సంవత్సరపు రైల్వేచట్టములోను స్త్రీలకు ప్రత్యేకముగా చోటు కేటాయించు నియమము నిలిచియున్నది. మహిళల పెట్టెలో కూర్చుండి వేరుసెనగకాయలు ఒలుచుకొనునపుడు ఆ నియమముయొక్క వయస్సు నొకమాఱు తలచుకొనుట మంచిది.

ప్రపంచమున రైలుతోనే పుట్టిన యూళ్ళు అనేకములు కలవు. అమెరికాలో షయాన్ అను నగరము 1867లో రైలుదారి వచ్చుచున్నదనియే బయలున వెలసినది. ఆ యూరివారు తమ పాత స్టేషనుభవనమును పడగొట్టక మ్యూజియముగా మార్చి, దాని చుట్టునున్న పాతవీధులను వచ్చినవారికి చూపుదురు. మనకు దగ్గఱగా గుంతకల్లు, రేణిగుంట, పాకాల రైలుకూడళ్ళై పెరిగిన యూళ్ళే. తిరుపతికథ వేఱు. 1130వ సంవత్సర ప్రాంతమున రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి చుట్టును వీధులు తీర్పించిరని పెద్దలు చెప్పుదురు. కావున ఊరు పుట్టిన యేడున్నర శతాబ్దులకు గాని ఇంజను కూత దానికి వినబడలేదు. పురపాలకసంఘము సయితము రైలుకంటె అయిదేండ్లు ముందుగా, 1886లోనే, ఏర్పడినది. రైలు ఈ యూరిని పుట్టింపలేదు. ఉన్న యూరి నడకను మార్చినది.

ఇది సరిహద్దుసీమ యనుటయు మఱవరాదు. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడు తావిది. 1565లో తల్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట రాయలవంశమువారు పెనుగొండకును, అటుపిమ్మట చంద్రగిరికిని రాజధానిని మార్చుకొనిరి. 1639లో మదరాసు కోటకు స్థలము నిచ్చిన దామర్ల నాయకులు ఆ చంద్రగిరి రాయలకు సామంతులే. మా రైలు చంద్రగిరిదుర్గము దాపునుండి పోవునపుడు మా యింటివారు పిల్లలకీ మాట చెప్పి, “మదరాసు పుట్టుటకు ఇక్కడివారు చోటిచ్చిరి, మదరాసు మనకు రైలును పంపినది, లెక్క సరిపోయినది” అనిరి. నిన్నమొన్నటి వఱకును ఈ సరిహద్దు కదలుచునే యున్నది. తిరుపతి యుత్తరార్కాటు జిల్లాలో నుండి, 1911లో క్రొత్తగా నేర్పడిన చిత్తూరుజిల్లాలో చేరినది. 1960లో తిరుత్తణి చిత్తూరుజిల్లానుండి విడివడి మదరాసురాష్ట్రమునకు పోయినది. 2022 ఏప్రిలు 4వ తేదీన తిరుపతియే యొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

స్టేషను వెలుపలికి వచ్చినంతనే ఎదుట దేవస్థానమువారి విష్ణునివాసము, చుట్టును అంతస్తులమీద అంతస్తులుగా లాడ్జీలు, మాటలాడనీయని ఆటోల రొద. అక్కడనే విసిగి వెనుదిరుగరాదు. నాలుగడుగులు ముందునకు వేసి గాంధీరోడ్డు చేరినచో గోవిందరాజస్వామి పెద్దగోపురము కనబడును. ఏడంతస్తుల ఆ గోపురమును 1628లో మట్లి అనంతరాజు కట్టించెనని చెప్పుదురు. ఎత్తు సుమారు ఏబది మీటర్లు. ఎంత యెత్తు లాడ్జి వచ్చినను ఆ గోపురము చెంత పిల్లవానివలెనే కనబడును. ఉదయము ఆఱుగంటలకు దాని నీడ వీధిపొడవునను పఱచుకొనియుండ, ఆ నీడలోనే పూలబుట్టలవారు మాలలు గట్టుచుందురు.

కోవెలలో స్వామి శయనించియున్నాడు. తలక్రింద దిండు లేదు. ధాన్యము కొలుచు కుంచ మున్నది. తమ్ముడైన శ్రీనివాసుడు పెండ్లికై కుబేరునియొద్ద చేసిన అప్పు తీర్చుటకు, వచ్చిన కానుకలను ఆ కుంచముతో కొలిచి కొలిచి అలసి, అన్నగారు దానినే తలగడగా పెట్టుకొని పండుకొనెనని మన యవ్వలు చెప్పు కథ. నెలాఖరున లెక్కలు చూచి చూచి వంటయింటి గడపమీద తల వాల్చిన యిల్లాలికి ఈ స్వామికంటె దగ్గఱి చుట్టము లేడని మాకు తోచినది.

కోవెలనుండి బయలుదేఱి తీర్థకట్ట వీధి, బేరివీధి, కర్నాలవీధి, చిన్నబజారువీధి నడచితిమి. నాలుగుకాళ్ళ మండపమువద్ద కొంతసేపు నిలిచితిమి. ఇట్టి మండపములు ఊరేగింపున వచ్చు స్వామి విశ్రమించుటకును, ఎండనబడి వచ్చిన బాటసారి తలదాచుకొనుటకును పనికివచ్చును. ఈ పాతవీధులలో నేడు నూటికెన్ని పాతయిండ్లు నిలిచినవో మేము లెక్కింపలేదు గాని, నిలిచినవానిని కనుగొనుట కష్టము కాదు. రెండు గాజుతలుపుల దుకాణముల నడుమ నొక వంగిన పెంకులచూరు కనబడిన నది పాతయిల్లు. ముందు వీధికి ఆనుకొని యిరుప్రక్కల అరుగులు, అరుగుమీద చెక్కస్తంభములు, పూలు చెక్కిన ద్వారబంధము, లోపల నడవ, నడుమ ఆకాశము కనబడు ముంగిలి, దాని చుట్టును వసారా, వెనుక వంటయిల్లు, పెరటిలో బావి. మా పెద్దమ్మాయి ఒక యింటి ద్వారబంధముమీది గజలక్ష్మిని నోటుపుస్తకములో గీసికొనుచుండగా, లోపలినుండి ఒక యమ్మగారు వచ్చి, కోపపడుటకు మాఱుగా పీట తెచ్చి వేసిరి.

ఆ వీధుల నడచుచుండగా మాకు తోచిన సంగతి యొకటి. ఈ యూరు ఆగువారికొఱకు కట్టబడిన యూరు. రైలునకు ముందు యాత్రికులు బండ్లలోను, కాలినడకను గుంపులుగా వచ్చుచుండిరి. వచ్చినవారు వెంటనే కొండ యెక్కుట లేదు. కపిలతీర్థమున స్నానము, గోవిందరాజస్వామి దర్శనము, ఎద్దులకు మేత, వంటచెఱకు, బియ్యము కొనుట, అలసినవారికి ఒకటి రెండు దినముల విశ్రాంతి. ఆ పిమ్మట అలిపిరినుండి సుమారు మూడువేల యైదువందల మెట్లు. నడువలేనివారికి డోలీ. దిగివచ్చిన పిమ్మట మరల నొక దినము కాళ్ళు పట్టుకొని కూర్చుండుట. ఈ ఆగుటకే మండపములు, తీర్థములు, సత్రములు, ప్రతి యింటి ముందును అరుగులు. అరుగు ఇంటివారిదియే కాని, దానిపై కూర్చుండు హక్కు వీధిదని మనవారు ఎంచుచుండిరి.

1891లో రైలు వచ్చి, దినములకొలది నడువవలసిన దారిని గంటలలోనికి తెచ్చినది. దేవాలయపాలనము 1843నుండి హాథీరాంజీ మఠపు మహంతుల చేతిలో నుండి, 1932నాటి చట్టమువలన 1933లో దేవస్థానసంఘమునకు వచ్చినది. 1944లో మొదటి కొండదారి తెఱవబడి మోటారులు కొండ యెక్కినవి. 1974లో రెండవ దారియు వచ్చినది. ప్రతి మార్పును యాత్రికునకు మేలే చేసినది. మోకాళ్ళనొప్పులవారు, బాలింతలు, ఎనుబదేండ్ల వృద్ధులు నేడు స్వామిని చూడగలుగుచున్నారన్న నది ఈ దారుల చలువయే. కాని ప్రతి మార్పుతోను ఊరిలో ఆగు కాలము తగ్గినది. వారము దినమైనది, దినము పూటయైనది, పూట నేడు బస్సు కొఱకు వేచియుండు అరగంటయైనది. ఆగువారు లేని యూరిలో అరుగునకు పని లేదు. పని లేనిదానిని ఎవ్వరు ఎంతకాలము ఉంచుకొందురు?

ఆగినవారికి పెట్టుట యను ధర్మమున మన స్త్రీల పాలు పెద్దది. తరిగొండ వెంగమాంబ 18వ శతాబ్దిలో పుట్టిన యూరు విడిచి, రైలును మోటారును లేని దినములలో, ఒంటిగా తిరుమల చేరినది. బాలవితంతువు, కవయిత్రి. కావ్యములు వ్రాయుటతో తృప్తిపడక యాత్రికులకు అన్నము పెట్టించి, దాహమునకు చలిపందిళ్ళు వేయించినది. నేడు తిరుమలలో వేలమంది దినదినమును భుజించు అన్నప్రసాదభవనమునకు ఆమె పేరే పెట్టియున్నారు. ఆమె కొండమీద పెద్దయెత్తున చేసినదానినే క్రింది వీధులలోని ఇల్లాండ్రు అరుగుమీద చెంబెడు నీళ్ళతో చేసిరి. వారి పేర్లు మాత్రము ఏ భవనముమీదను లేవు.

అట్టివారిలో నొకరు మా యింటివారి మేనత్తగారు. ఆమె యిల్లు తీర్థకట్ట వీధికి దాపున నొక సందులో నున్నది. మధ్యాహ్నభోజనమున కక్కడకే పోతిమి. ఎనుబది దాటినది, చూపు మందగించినది, మాట మాత్రము కత్తివలె నున్నది. ఇద్దఱు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. కుమార్తెలలో ఇద్దఱు బెంగుళూరున, ఒకరు చెన్నపట్టణమున కాపురము. ఇంటిని పడగొట్టి నాలుగంతస్తుల లాడ్జి కట్టుటకు నొకరు బేరము పెట్టియున్నారు. కుమారులు సమ్మతించిరి. కుమార్తెల సంతకములకై కాగితములు పంపియున్నారు. ఆ దినము చిన్నకుమార్తె తల్లిని చూడవచ్చి, కాగితములు ఒడిలో పెట్టుకొని కూర్చున్నది.

కుమారులది తప్పనలేము. దూలములకు చెద పట్టినది. వానకాలమున వసారాలో నాలుగుచోట్ల గిన్నెలు పెట్టవలసియున్నది. పెంకులు సర్దు పనివారు దొరకుట లేదు. ఇద్దఱు పిల్లల చదువునకు అప్పు చేసిన పెద్దకుమారుని ఇల్లు చూచుకొమ్మని మనము చెప్పుట సులభము. ఖర్చు పెట్టవలసినవాడు ఆయన.

మేము అత్తగారిని, “అత్తా, మీ మనసులో ఏమున్నది?” అని అడిగితిమి. ఆమె తమలపాకునకు సున్నము రాయుచు, “పడగొట్టేదానికి నాకేం బాధ లేదమ్మా. దూలం నా నెత్తిన పడేదానికంటే ముందే పడగొడితే మేలే గదా. అయితే ఆ అరుగుమీద కూచున్నోళ్ళకి యాభై ఏండ్లు నీళ్ళిచ్చినా. యేవూరో, యేకులమో అడగలేదు. ఆ లాడ్జీలో దుడ్లిచ్చినోళ్ళకే గదా నీళ్ళు?” అనిరి. చిన్నకుమార్తె ఏమియు ననలేక కాగితములను మడచినది.

ఇక్కడ సోదరీమణులకు తెలియవలసిన సంగతి యొకటి కలదు. ఆ కాగితములు కుమార్తెలయొద్దకు వచ్చినది మర్యాదకై కాదు, చట్టమునకై. తండ్రి తాను సంపాదించిన ఆస్తికి వీలునామా వ్రాయక పోయినచో కొడుకులతోపాటు కూతుండ్రకును సమభాగ మున్నదని 1956వ సంవత్సరపు హిందూ వారసత్వచట్టమే చెప్పినది. పిత్రార్జితమైన ఉమ్మడియాస్తిలో మాత్రము కూతురు పుట్టుకతో భాగస్థురాలు కాకుండెను. ఆ లోపమును మొట్టమొదట సవరించినది మన ఆంధ్రప్రదేశమే. 1986లో చేసిన చట్టము 1985 సెప్టెంబరు 5వ తేదీ మొదలుకొని అమలగునట్లుగా, ఆనాటికి పెండ్లికాని కూతుండ్రను కొడుకులతో సమానముగా భాగస్థులను చేసినది. తమిళనాడు 1989లో అట్లే చేసినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి అమలైన కేంద్రచట్టసవరణ పెండ్లియైనవారికిని ఆ హక్కు నిచ్చినది. ఆ తేదీన తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11వ తేదీన తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వమే చట్టప్రకారము జరిగిన విక్రయములను, భాగపరిష్కారములను మాత్రము ఈ సవరణ కదలింపదు.

దీని తాత్పర్య మేమి? పాతవీధులలోని పాతయిండ్ల భవిష్యత్తు నేడు మగవారి చేతిలో మాత్రమే లేదు. ప్రతి విక్రయపత్రముమీదను అక్కచెల్లెండ్ర సంతకము కావలెను. మన యమ్మమ్మలు ఆ యింటిలో నీళ్ళు మోసిరి, ముగ్గులు పెట్టిరి, పురుళ్ళు పోసికొనిరి. ఇంటినిగూర్చి వారిని అడిగినవారు లేరు. నేడు మనలను అడుగుచున్నారు. అడిగినపుడు మనము చేయుచున్నదేమి? పుట్టింటితో మనస్తాపము కలుగునని కొందఱము చదువకయే సంతకము పెట్టుచున్నాము. భాగము సొమ్మెంత అని మాత్రము అడిగి కొందఱము పెట్టుచున్నాము. రెండును తప్పని మేమనుట లేదు. సొమ్ము నడుగుట మన హక్కే. ఆ సొమ్ముతోపాటు మఱియొక ప్రశ్నను కూడ అడుగవచ్చునని మా మనవి: “అక్కడ ఏమి కట్టుదురు? వీధివానికి అందులో ఏమి మిగులును?”

మా చిన్నాడపడుచు అదియే చేసినది. సంతకము పెట్టననలేదు. లాడ్జి నమూనాకాగితము చూపుమని అన్నగారిని కోరినది. ముందువైపున, నీడ పడునట్లుగా, వచ్చిపోవువా రెవరైనను కూర్చుండుటకు పాత అరుగంత పొడవున అరుగొకటి, ప్రక్కన మంచినీళ్ళ కొళాయి ఉండవలెననియు, చెక్కిన ద్వారబంధమును అమ్మక క్రొత్తభవనమున బిగింపవలెననియు కోరినది. అన్నగారు కొంత చిరాకుపడిరి. బేరమువాడు ఒప్పుకొనునో లేదో యనిరి. తుదకు అడిగి చూతుననిరి. ఇది వ్రాయునాటికి జవాబు రాలేదు. రాకపోవచ్చును కూడ. ఐనను ఆ యింటి చరిత్రలో ఒక కూతురు కోరిక కాగితముమీద కెక్కుట ఇదియే మొదటిమాఱని అత్తగారు చెప్పిరి.

లాడ్జీలను మేము నిందించుట లేదు. యాత్రికునకు తల దాచుకొనుటకు చోటు కావలెను. నాటి సత్రమే నేటి లాడ్జి. అంతయు మాఱకుండ నుంచుటకు ఊరు బొమ్మలకొలువు కాదు. ఐనను ఒక యూరు అతిథి నెట్లు ఆదరించుచుండెనో చెప్పు గుర్తులు కొన్నియైనను వీధిమీద నిలువవలెను. షయానువారికి స్టేషను గుర్తు. మనకు అరుగు గుర్తు. మండపములను దేవస్థానమువారును, ప్రభుత్వమువారును చూచుకొనవచ్చును. ఇంటి అరుగును చూచుకొనుటకు ఇంటివారు తప్ప దిక్కు లేదు.

ఈసారి తిరుపతికి పోవువారు కొండదర్శనమునకు ముందో వెనుకనో ఒక ఉదయమును ఊరికి కేటాయింప ప్రార్థన. స్టేషనునుండి ఆఱుగంటల లోపుగా బయలుదేఱినచో ఎండ ముదురకముందే అన్నియు చూడవచ్చును. గోవిందరాజస్వామిని, ఆయన కుంచమును చూడుడు. పుష్కరిణిమెట్లమీద కొంతసేపు కూర్చుండుడు. పాతవీధులలో కొనవలసినవి యున్నచో ఎఱ్ఱచందనపు రాజారాణీ బొమ్మలను, మనము మరపాచి బొమ్మలనునవానిని కొనుడు. బొమ్మలకొలువున మొదటి మెట్టు వానిదే గదా. మే నెలలో పోవువారు తాతయ్యగుంట గంగమ్మజాతరను చూడవచ్చును. వెంకటేశ్వరునకు చెల్లెలని ఊరివారు కొలుచు ఆ తల్లికి దేవస్థానమునుండి పుట్టింటిసారె వచ్చును. మగవారు స్త్రీవేషములు వేసికొని మ్రొక్కులు తీర్చుకొందురు. ఇల్లాండ్రు పొంగళ్ళు పెట్టుదురు. గడపగడపకును తిరుగు ఆ వేషములు వంతెనమీద నడచునవి కావు. వానికి ఇరుకువీధులే కావలెను, వాకిట నిలిచి హారతి పట్టు ఇల్లాలే కావలెను. మఱియొక పూట చిక్కినచో చంద్రగిరికి పోయి మూడంతస్తుల రాజమహలును, దానిలోని మ్యూజియమును, ప్రక్కనున్న రాణీమహలును పిల్లలకు చూపుడు.

వెంట నొక నోటుపుస్తకము తప్పక తీసికొనిపోవలెను. పాతయింటి ముసలమ్మ కనబడినచో ఇల్లెప్పుడు కట్టిరో, ఎవరు కట్టిరో, బావిలో నీరెంత లోతుననుండెడిదో, తాను రైలు మొదట ఎప్పుడు ఎక్కినదో అడిగి వ్రాసికొనుడు. ఏ పుస్తకములోను లేని సంగతులు వారి నోట మాత్రమే యున్నవి. మీ సొంత యూరిలో మీ పుట్టింటివారి పాతయిల్లున్నచో ఆ పని అక్కడనే మొదలుపెట్టవచ్చును. గదుల కొలతలు వ్రాయుడు, తలుపుల ఛాయాపటములు తీయుడు, ఎవ్వ రే గదిలో పుట్టిరో అమ్మనడిగి గుర్తించుడు. సంతకమునకై కాగితము వచ్చునాటికి ఆ పుస్తకము చేతిలో నుండినయెడల, పెట్టవలసిన సంతకమే యైనను, దేనిక్రింద పెట్టుచున్నామో తెలిసి పెట్టినవార మగుదుము.